ది ఫ్రెంచ్ కనెక్షన్ (సినిమా)

ది ఫ్రెంచ్ కనెక్షన్ 1971లో విడుదలైన అమెరికన్ నేరపరిశోధన చిత్రం. దర్శకుడు విలియం ఫ్రీడ్కిన్. న్యూయార్క్ పోలీసులు ఎడ్డీ ఈగన్, సోనీ గ్రాస్సో ఛేదించిన హెరాయిన్ కేసుపై రాబిన్ మూర్ 1969లో వెలువరించిన గ్రంథం దీనికి ఆధారం.

కథ

ఫ్రాన్సులోని మార్సే నగరం నుండి కారులో దాచి న్యూయార్కుకు తెచ్చిన హెరాయిన్ కోసం డిటెక్టివ్ డోయల్ (జీన్ హాక్‌మన్), అతని సహచరుడు రూసో (రాయ్ షైడర్) గాలిస్తారు. ముఠా నాయకుడు షార్నియే (ఫెర్నాండో రే) ఖరీదైన హోటలులో విందారగిస్తుండగా, డోయల్ బయట చలిలో నిలబడి పిజ్జా ముక్క తింటూ కాపలా కాస్తాడు.

నైతిక దృక్పథం

ఈ చిత్రంలో మర్యాదస్థుడు నేరస్థుడే. చట్టం తరపున నిలిచిన డోయల్ జాత్యహంకారి, మొరటువాడు. ఎత్తైన వంతెనపై పోయే రైలును కారులో వెంబడించిన తరువాత, పారిపోతున్న హంతకుణ్ణి వీపుమీద కాల్చి చంపుతాడు. ముగింపులో నీడను చూసి షార్నియే అనుకొని తోటి అధికారినే కాల్చివేస్తాడు. అయినా పశ్చాత్తాపపడక చీకటిలోకి సాగిపోతాడు. షార్నియే దొరకలేదనీ, సరుకు కొనదలచిన వైన్‌స్టాక్‌పై కేసు సాక్ష్యాలు చాలక కొట్టివేయబడిందనీ, డోయల్, రూసోలను మాదకద్రవ్యాల విభాగం నుండి బదిలీ చేశారనీ చివరి అక్షరాలు తెలుపుతాయి. ఇంత హింసకూ న్యాయం రూపంలో దక్కిన ఫలితం స్వల్పమే.

పురస్కారాలు

ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు (హాక్‌మన్), అనుసరణ స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ విభాగాలలో 5 ఆస్కార్ పురస్కారాలు పొందింది. 1975లో దీనికి కొనసాగింపు చిత్రం వెలువడింది.