స్టీల్‌హెడ్ గాలం: ముందు దారం, తర్వాతే కర్ర

గాలం సామాను కొనడానికి వెళ్లినవాళ్ల చెయ్యి ముందు కర్ర మీదికి పోతుంది. తర్వాత రీలు. డబ్బు కట్టేటప్పుడు గుర్తొస్తే దారం. స్టీల్‌హెడ్ కోసం వాగుకి వెళ్లేవాళ్లు ఈ వరుసను తిరగేయాలని నా గట్టి నమ్మకం. చేపకీ మనకీ మధ్య అన్నింటికన్నా బలహీనమైనది కొక్కేనికి కట్టిన చివరి రెండు మూడడుగుల దారం. దాని మందం 0.2 మిల్లీమీటర్ల పైచిలుకు. మిగతా సామానంతా దాన్ని తెగకుండా కాపాడటానికే.

స్టీల్‌హెడ్ రెయిన్‌బో ట్రౌట్‌లోనే ఒక రకం. ఏట్లో పుట్టి, సముద్రంలోనో పెద్ద సరస్సులోనో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఏరెక్కుతుంది. పుట్టిల్లు పసిఫిక్ తీరం. 19వ శతాబ్దం చివర్లో దాన్ని అమెరికా మహాసరస్సులకు తెచ్చారు. వాటిలో ఒకటైన ఏరీ సరస్సు దక్షిణ తీరాన ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాల్లో వచ్చి కలిసే వాగులన్నింటికీ కలిపి ‘స్టీల్‌హెడ్ ఆలీ’ అని పేరు. పెన్సిల్వేనియాలోనే ఏటా సుమారు 10 లక్షల చేపపిల్లల్ని వదులుతారు. అక్కడి ఎల్క్ క్రీక్, వాల్నట్ క్రీక్‌లు పిట్స్‌బర్గ్‌లో ఉండే మనవాళ్లకు కారులో రెండు గంటల దూరం.

ఈ వాగుల అడుగు పలకరాయి. వాన పడితే గంటల్లో ఎర్రబారి పొంగుతాయి, రెండు మూడు రోజుల్లో తేటపడి మోకాలి లోతుకి దిగుతాయి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా అందులో 24 అంగుళాల చేప తిరుగుతూ ఉంటుంది. బరువు ఐదారు పౌన్లు, అదృష్టం బాగుంటే పది. నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు దానికి దారం కనిపిస్తుంది. అందుకే సన్నదారం మీద అంత మోజు.

ఆ మోజుని అంకెలతో తూచి చూడాలి. బాగా అమ్ముడుపోయే ఒక నైలాన్ దారం డబ్బా మీద 4 పౌన్ల లాగుడుకి తట్టుకునేదానికి 0.20 మిల్లీమీటర్లు, 6 పౌన్లదానికి 0.23, 8 పౌన్లదానికి 0.25 అని ఉంటుంది. నాలుగు నుంచి ఎనిమిదికి వెళితే బలం రెట్టింపవుతుంది, మందం పెరిగేది పావు వంతు. అంటే 4 పౌన్లకు దిగడం వల్ల దాగేది కొంచెం, పోగొట్టుకునేది సగం బలం. పైగా సన్నదారంతో చేపను నెమ్మదిగా లాగాల్సి వస్తుంది. అలా అలసిసొలసిన చేపను తిరిగి వదిలినా బతుకుతుందన్న నమ్మకం లేదు. వదిలే ఉద్దేశం ఉన్నవాళ్లు 4 పౌన్ల దారాన్ని ముట్టుకోకూడదనే అంటాను. తేటనీటికి 6, రంగు నీటికి 8 చాలు.

కనపడకుండా ఉండాలంటే సన్నదనం కన్నా పదార్థం ముఖ్యం. నీటి వక్రీభవన గుణకం 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది సుమారు 1.53. నీటికి దగ్గరగా ఉన్నది నీటిలో కలిసిపోతుంది. సాంద్రత కూడా చూడండి: ఫ్లోరోకార్బన్ 1.78, నైలాన్ 1.14. మొదటిది త్వరగా మునుగుతుంది కాబట్టి కొక్కెం వైపుకి అది, రీలు మీదికి సాగే గుణమున్న నైలాన్ 8 పౌన్లది. బ్రెయిడ్ అనే అల్లిక దారం సాగదు, నీళ్లు పీల్చి చలికి గడ్డకడుతుంది. ఈ వాగులకు అది నప్పదు.

ఇప్పుడు కర్ర. మన చెరువుల దగ్గర జీలుగు బెండో నెమలి ఈక కాడో కట్టి గాలం వేసినవాళ్లకు బెండు పని కొత్తగా చెప్పక్కర్లేదు. చెరువులో నీరు నిలిచి ఉంటుంది, వాగులో పారుతుంది, అంతే తేడా. వాగులో పైనీరు అడుగునీటి కన్నా వేగంగా పోతుంది. దారం నీటి మీద పడితే పైనీరు దాన్ని లాక్కుపోతుంది, దాంతో బెండు, బెండుతో ఎర, చేప నోటి ముందు నుంచి పరుగెత్తుతాయి. దారాన్ని ఎత్తి పట్టడానికే పొడుగు కర్ర. బెండు గాలానికి 11 నుంచి 13 అడుగుల కర్రలు అందుకే వచ్చాయి.

పొడుగుకి ఇంకో లాభం ఉంది. దారం మీద 2 పౌన్ల లాగుడు ఉందనుకుందాం. 9 అడుగుల కర్రయితే చేతి దగ్గర మెలి 18 అడుగు-పౌన్లు, 13 అడుగులదైతే 26. కర్ర వంగినకొద్దీ రెండు అంకెలూ తగ్గుతాయి గానీ తేడా మిగులుతుంది. దారం తెగేంతగా మనం లాగకముందే మన మణికట్టే వద్దంటుంది. కానీ వాగు 20 అడుగుల వెడల్పే ఉండి కొమ్మలు నెత్తిమీదికి వంగి ఉంటే 13 అడుగుల కర్ర ప్రతి విసురుకీ చెట్టెక్కుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు 10 లేక 10.5 అడుగుల మెత్తని స్పిన్నింగ్ కర్ర చెబుతాను. పిడి పైన రాసిన దారపు హద్దు 4–8 పౌన్లో 6–10 పౌన్లో ఉండాలి. ఈకతో చేసిన ఎరలు విసిరే ఫ్లై గాలానికైతే 10 అడుగులు, 7 నంబరు సరిపోతుంది. ఆ నంబరు దారం మొదటి 30 అడుగుల బరువు 185 గ్రెయిన్లు, అంటే 12 గ్రాములు.

రీలు గురించి పెద్దగా బాధపడక్కర్లేదు. 2500 సైజు స్పిన్నింగ్ రీలులో 8 పౌన్ల దారం సుమారు 130 మీటర్లు పడుతుంది, వాగు మడుగుకి అది ఎక్కువే. బిర్రు, అంటే డ్రాగ్, కుదుపు లేకుండా దారాన్ని వదలాలి. 6 పౌన్ల చివరిదారానికి దాన్ని దారం బలంలో పావు నుంచి మూడో వంతు మధ్య, అంటే 700 నుంచి 900 గ్రాముల లాగుడుకి వదిలేలా చిన్న స్ప్రింగు త్రాసు తగిలించి సరిచూసుకోవాలి. వేలితో లాగి అంచనా వేస్తే దాదాపు అందరమూ ఎక్కువే బిగిస్తాం. ఇరుసు మీద స్వేచ్ఛగా తిరిగే చక్రం లాంటి సెంటర్‌పిన్ రీలుకి బిర్రే ఉండదు, అంచు మీద అరచెయ్యే ఆసరా. 4.5 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకి 36 సెంటీమీటర్లు లాగితే స్పిన్నింగ్ రీలు 75 దాకా లాగుతుంది. చేప మనవైపుకే దూసుకొస్తే ఆ తేడా తెలిసొస్తుంది. దారం వదులైతే కొక్కెం ఊడుతుంది. సెంటర్‌పిన్‌తో బెండు ప్రవాహంలో సాగే తీరు చాలా అందంగా ఉంటుంది. అయినా అది రెండో ఏడాదికి.

వాగు దగ్గర మాత్రం ప్రతి చేప తర్వాతా చివరి రెండడుగుల దారాన్ని బొటనవేలు గోటి మీదుగా లాగి చూడాలి. పలకరాయి అంచుకి ఒరుసుకున్న చోట గరుకు తగులుతుంది. తగిలితే 6 పౌన్లన్న అంకెకి అర్థం లేదు. అక్కడికి కోసి కొత్తగా కట్టుకోవాలి.