వరి గడ్డి కాల్చవద్దు – నేలకు కర్బనం తిరిగి చేర్చే పద్ధతులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కోత యంత్రాలు వచ్చాక వరి గడ్డి చాలా చోట్ల మడిలోనే పడిపోతోంది. దాన్ని ఏరించడానికి కూలీలు దొరక్క కొందరు రైతులు నిప్పు పెడుతున్నారు. ఒక్క పూటలో మడి శుభ్రమవుతుంది. కానీ ఆ మంటలో నేలకు చేరాల్సిన కర్బనం పోతుంది. దాంతోపాటు మనం డబ్బు పెట్టి వేసిన నత్రజనీ పోతుంది.

కర్బనం ఎక్కడి నుంచి వస్తుంది?

బొగ్గు, కట్టె, గడ్డి, గత్తం అన్నింటిలోనూ ఉండేది కర్బనమే. వరి ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని, ఎండ సాయంతో దాన్ని గింజగా, గడ్డిగా మారుస్తుంది. ఎండు గడ్డి బరువులో సుమారు 40 శాతం కర్బనమే.

బాగా వేడెక్కిన కర్బనం ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. గరివిడి ప్రాంతంలోని ఫెర్రో పరిశ్రమల కొలుముల్లో మాంగనీసు ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేది కోక్ బొగ్గులోని కర్బనమే. మడిలో మంట పెట్టినా ఇలాగే ఆక్సిజన్‌తో కలుస్తుంది. 12 కిలోల కర్బనం కాలితే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. ఆ లెక్కన టన్ను గడ్డిలోని 400 కిలోల కర్బనం పూర్తిగా కాలితే సుమారు 1,460 కిలోల వాయువై గాలిలో కలుస్తుంది. టన్ను గడ్డిలో ఉండే 5 నుంచి 8 కిలోల నత్రజని కూడా దాదాపు అంతా పోతుంది. ఇది 11 నుంచి 17 కిలోల యూరియాతో సమానం.

మన నేలలకు ఎందుకు ముఖ్యం?

ఈ జిల్లాల్లో ఇసుకపాలు ఎక్కువగా ఉన్న ఎర్ర నేలలు విస్తారంగా ఉన్నాయి. బంకమన్ను తక్కువ కాబట్టి, నీటినీ ఎరువునూ పట్టి ఉంచే పని చాలావరకు సేంద్రియ పదార్థమే చేయాలి. అది లేని మడిలో యూరియా వేశాక గట్టి వాన పడితే నత్రజని కొట్టుకుపోతుంది. పది రోజులు వాన లేకపోతే పైరు వాడిపోతుంది.

భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ ఉంటే తక్కువ, 0.5 నుంచి 0.75 వరకు మధ్యస్థం, ఆపైన ఎక్కువ అని లెక్క.

ఎకరా మడిలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 8 లక్షల కిలోలు ఉంటుంది. కర్బనం 0.1 శాతం పెరగాలంటే 800 కిలోల కర్బనం నేలలో నిలవాలి. మన వేడికి వేసినదానిలో ఎక్కువ భాగం చివికి గాలిలో కలిసిపోతుంది. అందుకే ఇది ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు. ఏటా వేస్తూ ఉండాలి.

ఏం చేయాలి?

1. అపరాలు వేయని మడుల్లో, కోత కాగానే నేలలో పదును ఉండగా ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి గడ్డిని, వరికొయ్యలను కలియదున్నాలి. నాట్లకు ముందు పచ్చి గడ్డిని దమ్ములో తొక్కవద్దు. నిలిచిన నీటిలో అది కుళ్లి మీథేన్ వాయువు వస్తుంది, పైరుకు తాత్కాలికంగా నత్రజని లోపమూ వస్తుంది.

2. పశువులు ఉన్నవారు గడ్డిని మోపులు కట్టించి మేపుకోవాలి. అది గత్తంగా మడికి తిరిగి వస్తుంది. గత్తాన్ని ఎండకూ వానకూ వదిలేయకుండా నీడన గోతిలో వేసి, పైన మట్టి కప్పాలి. బాగా చివికిన గత్తం ఎకరాకు 4 టన్నులు వేసి, వెంటనే దున్నాలి.

3. తొలకరికి ముందు పడే వానలకు జీలుగ, జనుము లేదా పిల్లిపెసర చల్లి, పూత దశలో, అంటే సుమారు 45 రోజులకు, కలియదున్నాలి.

4. మినుము, పెసర కాయలు కోశాక మొక్కలను పీకి పారేయకుండా మడిలోనే దున్నాలి. గోగు వేసిన రైతులు కోసిన కట్టలను మూడు నాలుగు రోజులు చేలోనే నిలబెట్టి, ఆకు రాలాకే ఊరవేయడానికి తీసుకెళ్లాలి.

5. అవసరానికి మించి దున్నవద్దు. దున్నిన ప్రతిసారీ మట్టికి గాలి తగిలి కర్బనం త్వరగా తరుగుతుంది.

రైతు సాధికార సంస్థ ద్వారా నడుస్తున్న ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు విత్తి నేలను పచ్చగా కప్పి ఉంచే పద్ధతి ఉంది. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. నేల కర్బనంపై జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త రతన్ లాల్ కూడా ఆ బహుమతిని పంచుకున్నారు.

పరీక్ష చేయించండి

వేసవిలో, ఎరువులు వేయకముందే, మడిలో 8 నుంచి 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి కలిపి, అర కిలో నమూనాను రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. గట్ల పక్కన, చెట్ల కింద, గత్తం కుప్ప వేసిన చోట తీయవద్దు. మూడేళ్ల తర్వాత అదే మడిలో మళ్లీ పరీక్ష చేయించి, రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. అన్ని మడుల్లో వీలుకాకపోతే ఈ కోతలకు ఒక్క మడిలోనైనా గడ్డి కాల్చకుండా మొదలుపెట్టండి.