మిరుదొడ్డి దాకా రాని బంతి

కూడవెల్లి వాగు పారే మిరుదొడ్డిలో పెద్దలను కదిపితే కబడ్డీ గురించి, చిర్రగోనె గురించి చెబుతారు. ఫుట్‌బాల్ మాట రాదు. సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ మాత్రం ఒకప్పుడు దేశానికే ఫుట్‌బాల్ నేర్పింది. ఆ బంతి మా మెతుకుసీమ (మెదక్ ప్రాంతం) పల్లెలకు ఎందుకు దొర్లలేదో తెలియాలంటే 1920ల నాటి కాలేజీ జట్ల దాకా వెళ్లాలి.

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో తెల్ల సిపాయిలు ఆడిన ఆటను నగరంలోని విద్యార్థులు అందుకున్నారు. 1918లో నిజాం ఫర్మానాతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడినవాడే 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం. తర్వాత సిటీ కాలేజీ కుర్రాళ్లతో కూడిన ‘ఇలెవన్ హంటర్స్’లోనూ ఆడాడు. చదువయ్యాక కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పంతులుగా పనిచేశాడు.

ఆ కాలేజీ గడప మిరుదొడ్డి రైతుబిడ్డకు చాలా ఎత్తు. ఉస్మానియాలో చదువంతా ఉర్దూలో, ఇంట్లో మాట తెలుగు. పైగా పట్నంలో ఉండటానికి, తినడానికి డబ్బు కావాలి. కాలేజీలో చేరితేనే జట్టు, జట్టులో ఉంటేనే మైదానం. పల్లె పిల్లల కాళ్లలో సత్తువ లేక కాదు, దారి లేకనే ఆట నగరం గల్లీల్లో ఆగిపోయిందని నా నమ్మకం.

దూరం ఎంత పనిచేస్తుందో ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం జీవితమే సాక్ష్యం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టిన పేదింటి పిల్లవాడు. అతని ఆట చూసిన, అప్పటికే కోచ్‌గా మారిన రహీం సాబ్, ప్రాక్టీసుకు రావడానికి సైకిలు అద్దె డబ్బులిచ్చేవారు. అమ్ముగూడ నుంచి అద్దె సైకిలు సరిపోయింది. మిరుదొడ్డి నుంచైతే ఏ సైకిలు సరిపోయేది?

రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ కూడా ఆ జట్టుదే. ఆయన కోచ్‌గా ఉండగానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ది నాలుగో స్థానం. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం. అప్పటికే క్యాన్సర్‌తో పోరాడుతున్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

ఆయన శిక్షణలో నాకు అన్నిటికన్నా నచ్చింది, పైసా ఖర్చులేని ఒక పద్ధతి. అలవాటులేని కాలితో మాత్రమే బంతి తన్నాలన్న నిబంధనతో ఆయన పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ నిషేధించి, పాస్‌లతోనే ఆడించిన పోటీలూ ఉన్నాయి. వీటికి స్టేడియం అక్కర్లేదు, ఖరీదైన బూట్లూ అక్కర్లేదు. 2016లో సిద్దిపేట జిల్లా అయ్యాక మిరుదొడ్డికి జిల్లా కేంద్రం కూడా దగ్గరైంది. ఇప్పుడు కావలసింది ఒక బంతి, దాన్ని పట్టుకుని సాయంత్రం గంటసేపు బడి ఆవరణలో నిలబడే ఒక పీఈటీ సారు. వచ్చే వేసవి సెలవుల్లోనే మిరుదొడ్డిలో ఎడమకాలి పోటీ ఒకటి పెట్టొచ్చు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ.