అంతర్జాలంలో గోదావరి వరద

గోదావరికి వరద వచ్చిందంటే కోనసీమ లంక గ్రామాలకు నిద్ర ఉండదు. పశువులను ఏటిగట్టుకు తోలాలా, ధాన్యం బస్తాలను మేడ మీదికి చేర్చాలా, పిల్లలతో పడవ ఎక్కాలా అన్నది ఆ రాత్రికే తేలాలి. పూర్వం ఈ నిర్ణయానికి దండోరా, రేడియో ఆధారాలు. నేడు చదువుకొంటున్న పిల్లలే అంతర్జాలంలో చూచి పెద్దలకు చెబుతున్నారు. అందువల్ల ఏ వెబ్‌సైటును నమ్మాలన్నది కేవలం పరీక్షకు సంబంధించిన ప్రశ్న కాదు.

“గోదావరి నీటిమట్టం 14 అడుగులు” అని ఒకచోట కనిపించిందనుకొందాం. ఇది ఏ ఊరి లెక్క? భద్రాచలం వద్ద మూడు ప్రమాద హెచ్చరికలను వరుసగా 43, 48, 53 అడుగులకు జారీ చేస్తారు. ధవళేశ్వరం వద్ద అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు వెలువడతాయి. రెండుచోట్ల కొలబద్దలు వేరు. భద్రాచలం అంకెలకు అలవాటుపడిన వ్యక్తి 14 అడుగులే కదా అని నిశ్చింతగా ఉండిపోవచ్చు. ధవళేశ్వరంలో అప్పటికే రెండవ హెచ్చరిక దాటిపోయి ఉంటుంది! అంకె సత్యమే అయినా, స్థలం తెలియకపోతే అది అసత్యమంత హాని చేస్తుంది.

కాలం విషయమూ ఇంతే. భద్రాచలం వద్ద నీరు 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఆనాటి ఛాయాచిత్రాన్ని తేదీ లేకుండా మరొక ఏడాది వరద వార్తకు జోడిస్తే ఊరంతా అకారణంగా బెదిరిపోతుంది.

“పది వెబ్‌సైట్లలో ఉంది కదా” అనే వాదం తరచుగా వినవస్తుంది. తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితులు ఈ వాదాన్ని ఏనాడూ అంగీకరించలేదు. ఒకే మాతృకను చూచి పదిమంది లేఖకులు రాసుకొన్న ప్రతులు పది సాక్ష్యాలు కావు, ఒక్కటే. లేఖకుని పొరపాటు పదింటిలోనూ ఉంటుంది. ధవళేశ్వరంలో నేడు కనిపించే బ్యారేజిని ఆర్థర్ కాటన్ నిర్మించాడని రాసేవారున్నారు. కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పటి బ్యారేజి 1982లో పూర్తయినది. దానికి కాటన్ పేరు పెట్టారు. పేరును చూచి ఒకరు పొరబడగా, తక్కినవారు దానినే ఎత్తి రాసుకొన్నారనుకోవాలి.

కనుక మాతృకను వెదకాలి. నదీమట్టాన్ని కొలిచి వరద అంచనాలను ప్రకటించేది కేంద్ర జలసంఘం. ప్రజలను అప్రమత్తం చేసేది రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ. ఇటువంటి ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామాలు సాధారణంగా ‘గవ్ డాట్ ఇన్’ అని ముగుస్తాయి. అయితే ప్రభుత్వ పుటలోనైనా నీటిమట్టాన్ని ఏ గంటకు నమోదు చేశారో చూడాలి. ఉదయపు అంకె రాత్రికి పనికిరాదు. అటువంటప్పుడు మండల రెవెన్యూ కార్యాలయానికి ఫోను చేసి అడగడమే మేలు.