చదరంగమున బంటును విడిచి గెలుచు విద్య

మన యిండ్లలో ఆడపిల్లలకు ఉన్నదానిని కాపాడుకొనుట నేర్పుదుము. తెలిసి కొంత విడిచి, అంతకు మించినది గడించుట నేర్పుట అరుదు. ఆ విద్యను చదరంగము చక్కగా నేర్పునని మా నమ్మకము.

ఆట మొదటనే ఒక బంటును ఎరగా పెట్టి దాడికి దిగుటకు ‘గాంబిట్’ అని పేరు. కాలడ్డమిచ్చి పడద్రోయుట యను నర్థము గల ఇటాలియను మాటనుండి ఇది పుట్టినది. స్పెయిను దేశపు మతాచార్యుడు రూయ్ లోపెజ్ 1561లో వెలువరించిన చదరంగ గ్రంథమున ఈ మాటను వాడెను.

వీనిలో మిక్కిలి సాహసమైనది ‘కింగ్స్ గాంబిట్’. ఇరుపక్షములవారును రాజు ముందరి బంటును రెండేసి గడులు నడుపుదురు. అంతట తెల్లపక్షమువారు రాజు ప్రక్కనున్న శకటు ముందరి బంటును గూడ రెండు గడులు నడిపి, శత్రువున కందింతురు. నల్లబంటు దానిని చంపినచో, నడిబల్లపై తెల్లవారికి పట్టు చిక్కును; ముందుముందు ఏనుగు దాడికి దారి తెరచుకొనును. నల్లరాజు తప్ప వేరు కాపు లేని గడి ఆ దారిలోనే యున్నది.

అయితే తన రాజు వాకిలిని తానే తెరచినట్లును అగును. 1851లో లండనున ఆండర్సన్ అను జర్మను ఉపాధ్యాయుడు కీసెరిట్స్కీతో ఈ ఆరంభమునే ఆడెను. మూడవ ఎత్తుననే నల్లమంత్రి వచ్చి రాజును బెదరించెను. రాజు కదలవలసి వచ్చి, కోట కట్టుకొను హక్కును కోల్పోయెను. అయినను ఆండర్సన్ ఒక శకటును, రెండేనుగులను, తుదకు మంత్రిని బలియిచ్చి, మిగిలిన శకటుతోను రెండు గుర్రములతోను 23వ ఎత్తున ఆట కట్టించెను. దీనికి ‘అమరక్రీడ’ యని పేరు వచ్చినది.

బంటునిచ్చి కొనునది కాలము. ఒక్క ఎత్తు వ్యర్థమైనను బేరము నష్టమే. ఎదుటివారికిని ఉపాయము గలదు: దొరకిన బంటును పట్టుకొని వ్రేలాడక, అదను చూచి తిరిగి యిచ్చివేసి, తమ బలగమును తీర్చుకొనుట.

ఇట్టి సాహసము స్త్రీలకు తగదను వారు గలరు. దాడికి పేరెన్నికగన్న హంగేరీ వనిత జూడిట్ పోల్గార్ 2002లో కాస్పరోవును ఓడించినది. ఆ యేడే మన గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి, 15 ఏండ్ల ప్రాయమున, పోల్గార్ కంటెను చిన్నవయసుననే గ్రాండ్‌మాస్టరు బిరుదమందినది.

కావున సోదరీమణులారా, ఆటలో బంటు పోయినదని పిల్లను గదమకుడు. దానికి మారుగా ఏమి గడించితివని అడుగుడు.