కంబళి మీద నిప్పురవ్వ

శుక్రవారం పూట సాంబ్రాణి వేస్తుంటే ధూపం గిన్నెలోంచి నిప్పు కణిక ఒకటి జారి కార్పెట్ మీద పడుతుంది. లేదా కరెంటు పోయినప్పుడు వెలిగించిన కొవ్వొత్తి ఒరుగుతుంది. ఆ తర్వాత ఇంట్లో జరిగేది ఎక్కడైనా ఒకటే: సబ్బు నీళ్లు, బ్రష్షు, చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దుడు. మచ్చ మాత్రం పోదు. పోయేందుకు అక్కడ మురికి ఉంటే కదా. మురికి దారం మీద కూర్చున్న పరాయి పదార్థం. కాలిన చోట దారమే మరో పదార్థంగా మారిపోయింది. ఏ సబ్బూ బొగ్గును తిరిగి ఉన్నిగా చెయ్యలేదు.

అందుకే ముందు తెలుసుకోవాల్సింది మచ్చ గురించి కాదు, దారం గురించి. ఆ పాఠానికి అనంతపురం పీఠభూమి మంచి చోటు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా దక్కని ఈ నేలలో చేను ఎండినా మంద బతికిస్తుంది. కురుబలు గొర్రెల వెంట చేలల్లో రాత్రుళ్లు గడిపేది భుజాన ఉన్న నల్ల కంబళి ధైర్యంతోనే. పరుపు అదే, దుప్పటి అదే, వాన పడితే గొడుగూ అదే. మంద పక్కన చలిమంట వేసుకుని పడుకున్నప్పుడు రవ్వలు ఎగిరి పడుతూనే ఉంటాయి. పాత కంబళిని వెలుతురుకు పట్టి చూస్తే శనగగింజంత చిల్లులు అక్కడక్కడా కనిపిస్తాయి. గమనించాల్సింది ఆ చిల్లుల సైజు. రవ్వ ఎంతో చిల్లి అంతే. మంట పక్కకు పాకలేదు.

కారణం ఉన్ని తయారీలోనే ఉంది. మన వెంట్రుకలాగే ఉన్ని కూడా కెరాటిన్ అనే ప్రొటీన్. అందులో నత్రజని దాదాపు 16 శాతం, గంధకం 3 నుంచి 4 శాతం ఉంటాయి. గాలిలో తేమను తన బరువులో మూడో వంతు దాకా తాగి కూడా తడిసినట్టు అనిపించదు. అంటుకోవాలంటే 570 డిగ్రీల సెల్సియస్ పైన వేడి కావాలి. అంటుకున్నా, మంట నిలవడానికి గాలిలో 25 శాతం ఆక్సిజన్ ఉండాలి. మన గాలిలో ఉన్నది 21 శాతమే. పైగా కాలిన చోట ఉబ్బిన నల్లటి పొక్కు ఏర్పడి కింది దారానికి గాలి అందకుండా మూసేస్తుంది. నూలుకు 18 శాతం ఆక్సిజన్ చాలు. జంపఖానా మీద బీడీ ముక్క పడితే అది గుట్టుగా రాజుకుంటూ పోయేది అందుకే.

ఇవాళ హాళ్లలో పరుస్తున్న కార్పెట్లలో చాలావరకు ఉన్నీ కాదు, నూలూ కాదు. పాలీప్రొపిలీన్, నైలాన్, పాలియెస్టర్. ఇవి కాలక ముందే కరుగుతాయి: పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర, నైలాన్ 220 దగ్గర, పాలియెస్టర్ 255 దగ్గర. నూలు బట్టలకు పెట్టే ఇస్త్రీ పెట్టె వేడి 200 డిగ్రీలు. ఇస్త్రీ పెట్టె బోర్లా పడితే చాలు, పాలీప్రొపిలీన్ కుచ్చు అట్టకట్టి మెరుస్తుంది. అలా మెరిసేదాన్ని బాగుచెయ్యాలని మళ్లీ ఇస్త్రీ పెట్టేవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు.

మీ కార్పెట్ ఏ జాతిదో తేల్చుకోవడానికి అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. వెంట్రుక కాలిన కంపు వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయితే ఉన్ని. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద అయితే నూలు. కరిగి గట్టి పూస కడితే ప్లాస్టిక్ దారం.

ఇక బాగుచెయ్యడం. ఉన్ని మీద లేత గోధుమ రంగు మరక మాత్రమే అయితే, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది ముంచి అద్దితే కొంత తేలుతుంది. అయితే తెల్లటి ఉన్నికే ఇది పనికొస్తుంది. రంగు ఉన్నదైతే రంగూ పోవచ్చు. బ్లీచింగ్ ద్రావణం జోలికి మాత్రం వెళ్లకండి, అది ఉన్నిని ఏకంగా కరిగించేస్తుంది. కుచ్చు కార్పెట్‌లో కొసలే నల్లబడితే చిన్న కత్తెరతో కొసలు కత్తిరిస్తే సరి. లోతుగా కాలితే, బొగ్గు గీకేసి, మంచం కిందికి పోయే మూల నుంచి కొన్ని కుచ్చులు కోసి జిగురుతో నాటాలి. కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్‌కు గీకుడు పనిచెయ్యదు. ఆ ముక్కను బ్లేడుతో చతురస్రంగా కోసేసి, అదే కార్పెట్ మూలలోని ముక్కను అతికించాలి. కుచ్చు వాలు ఎటుందో చూసి పెట్టకపోతే అతుకు దూరం నుంచే తెలిసిపోతుంది.

కంబళి చిల్లి వీటన్నింటికంటే తేలిక. అది మామూలు సాదా నేత, కాబట్టి రఫూ అంటే అక్కడ మళ్లీ చిన్నగా నెయ్యడమే. మాడిన అంచు కత్తిరించి, చిల్లికి చుట్టూ అర అంగుళం మంచి బట్టలోకి వెళ్లి నిలువు పోగులు వెయ్యాలి. వేడి తగిలిన చుట్టుపక్కల దారం పైకి బాగున్నట్టున్నా లోపల పెళుసెక్కి ఉంటుంది. తర్వాత అడ్డపోగు ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి. చివర్లో గోరువెచ్చని నీళ్లతో తడిపి అరచేత్తో రుద్దితే అసలు విద్య ఉన్నే చేస్తుంది. ఉన్ని పోగు మీద పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి తగిలితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని కుట్టు బిగుసుకుపోతుంది. నేసేటప్పుడు చింతగింజల గంజి పట్టించి నిలువు పోగుల్ని బిరుసు చేసినా, బట్టను చివరికి గట్టిగా పట్టి ఉంచేది ఈ పొలుసులే.

చిక్కల్లా దారంతోనే. కంబళికి కావాల్సింది దక్కనీ గొర్రె నల్లబొచ్చు. రంగు అద్దినది కాదు, పుట్టుకతో వచ్చిన నలుపు. మాంసానికి గిరాకీ పెరిగాక మందల్లోకి నెల్లూరు జాతి వచ్చింది, దానికి కత్తిరించడానికి చాలినంత బొచ్చే ఉండదు. బజారులో దొరికే నల్ల ఊలుతో రఫూ చేస్తే అతుకు అతుకులాగే కనిపిస్తుంది. కాబట్టి కంబళి కొనేటప్పుడే నేసినవాళ్లను అడిగి ఒక గుప్పెడు దారం తెచ్చుకుని, వేపాకుతో కలిపి డబ్బాలో దాచిపెట్టుకోండి.