ముల్కియా చేతులు మాఱు వేళ

యు.ఏ.ఇ. దేశపు ఏడు ఎమిరేట్లలో విస్తీర్ణమున మిక్కిలి చిన్నదగు అజ్మానునందు, దుబాయిలోకంటె ఇంటియద్దెలు తక్కువయని కాపురము పెట్టి, ప్రతిదినము షార్జా మీదుగా దుబాయికి పోయి కొలువు చేసి వచ్చు తెలుగువారు పెక్కుమంది కలరు. నుఐమియాలోనో రషీదియాలోనో ఇల్లును, దుబాయిలో ఉద్యోగమును ఉన్నవానికి కారు భోగవస్తువు కాదు, బ్రతుకుతెరువులో భాగము. కావుననే ఉద్యోగము ముగిసియో, బిడ్డల చదువు నిమిత్తమో స్వదేశమునకు మరలు కుటుంబమునకు, అమ్మదగిన సొత్తులలో నెల్ల విలువైనది తఱచుగా ఆ కారే యగుచున్నది. వీసా రద్దయిన పిమ్మట దేశమున నుండుటకు గడువు పరిమితము. విమానపు టిక్కెట్టు కొనబడి యుండును. ఇంటి తాళము లప్పగింపవలసిన దినము నిశ్చయమై యుండును. మోసగాడు కనిపెట్టి యుండునది ఈ తొందరనే.

ఈ దేశమున కారు నమ్ముట యన్నది రెండు వేర్వేఱు కార్యముల కలయిక: ముల్కియా యని అందఱును పిలుచు రిజిస్ట్రేషను కార్డుపై పేరు మాఱుట యొకటి, పైకము ముట్టుట రెండవది. మొదటిదానికి ప్రభుత్వము గట్టి కట్టుబాట్లు చేసినది. బండిపై నున్న జరిమానాలు తీఱవలెను, కొనువాని పేర బీమా యుండవలెను, పాసింగు అను సాంకేతిక పరీక్ష అవసరమైనచో అందు బండి నెగ్గవలెను, బ్యాంకు తాకట్టున్నచో నది తొలగవలెను. రెండవదానికి అట్టి కావలి లేదు. సొమ్ము ముట్టినదా లేదా యని విచారించుట ట్రాఫిక్ కార్యాలయపు పని కాదు. ఈ రెంటి నడుమ ఎంత యెడము కల్పింపగలిగిన మోసగానికి అంత లాభము.

వారాంతము శుక్ర శనివారములుగా నున్న దినములలో, అనగా 2022కు పూర్వము, గురువారపు సాయంకాలము మోసగాండ్రకు మిక్కిలి అనుకూలమగు సమయము. బేరమాడక అడిగిన ధరకే యొప్పుకొని, వినయముగా చెక్కు వ్రాసి, దానిని అమ్మువాని ఖాతాలోనే యంత్రముద్వారా వేసి, ఆ రసీదును చూపి, ఆ పూటనే ముల్కియాను తన పేర మార్పించుకొనువాడు, బ్యాంకు తెఱచి చెక్కు తిరిగివచ్చు నప్పటికే బండిని వేఱొకనికి రొక్కమునకు అమ్మివైచి యుండును. ఆ మూడవవాడు తన కష్టార్జిత మిచ్చి తన పేర కార్డు పొందినవాడు. వానిని దొంగ యనుటకు వీలులేదు. యంత్ర మిచ్చు రసీదు చెక్కు అందినదని మాత్రమే చెప్పును గాని సొమ్ము జమయైనదని చెప్పదు. ఈ చిన్న భేదమే పెక్కుమంది యేండ్ల సంపాదనను హరించినది.

చెల్లని చెక్కు నిచ్చినవానికి పూర్వము కారాగారభయ ముండెడిది. 2020 నాటి 14వ సంఖ్య ఫెడరల్ శాసనము 2022 జనవరి 2 నుండి అమలులోనికి వచ్చిన పిమ్మట, ఖాతాలో సొమ్ము చాలకపోవుట మాత్రముచేత క్రిమినల్ నేర మగుట లేదు; ఫోర్జరీ వంటివి మాత్రము నేరములుగనే యున్నవి. చెక్కు గలవాడు తిన్నగా న్యాయస్థానపు అమలు విభాగమునకు పోవచ్చునను సౌకర్యమును ఆ శాసనమే కల్పించినది. అయినను, అప్పటికే కరీంనగరములోనో కోనసీమలోనో దిగియున్న వానికి ఆ సౌకర్యమువలన తక్షణము ఒరుగున దేమి?

అప్పు మిగిలియున్న కార్లది మఱింత దుఃఖకరమైన కథ. కొంత రొక్క మిచ్చి, "మిగిలిన వాయిదాలు నేను కట్టుకొందును" అని నమ్మబలికి తాళము తీసికొనిపోవువాడు, రెండుమూడు నెలలు కట్టి మాయమగును. బండి వాని చేత, అప్పును జరిమానాలును అమ్మినవాని మెడకు. ఫోనులో లింకు పంపి, సొమ్ము పడుటకు కార్డు సంఖ్యయు ఓటీపీయు కావలెననువాని మాట వేఱుగ చెప్పనక్కఱలేదు. సొమ్ము పుచ్చుకొనుటకు ఓటీపీతో పని లేదు.

ఈ మోసములనుండి తప్పించుకొనుటకు, అమ్మువాడును కొనువాడును కలిసి కొనువాని బ్యాంకు శాఖకే పోయి, మేనేజరు చెక్కును కౌంటరులో కన్నులయెదుట వ్రాయించుకొనుట యుత్తమము. వెలుపలినుండి తెచ్చినది మేనేజరు చెక్కైనను నకిలీ కావచ్చును. రొక్కమైనచో తన బ్యాంకులోనే లెక్కింపజేసి జమ చేయించుకొని, అక్కడినుండి ట్రాఫిక్ కార్యాలయమునకు పోవలెను. ఇట్లడుగుటకు మనవారికి అడ్డు వచ్చునది మొగమాటము. వచ్చినవాడు తెలుగున పలుకరించి, "అన్నా, మనది ఒకే జిల్లా" యన్నంతనే, బ్యాంకుకు పోదము రమ్మనుట అవమానించుట యని మనము వెనుదీయుదుము. నిజముగా కొనదలచినవాడు ఆ గంటసేపు కూర్చుండుటకు చిన్నబుచ్చుకొనడు. చిన్నబుచ్చుకొన్నవానికి బండి నీయకుండుటయే మేలు.

ముల్కియా మాఱిన దినముననే దుబాయి రోడ్డు టోలు చెల్లించు సాలిక్ ఖాతానుండి ఆ బండిని తొలగింపవలెను, బీమా కంపెనీవారిని మిగిలిన కాలమునకు ఏమైన తిరిగి వచ్చునా యని అడుగవలెను. ప్రయాణపు సన్నాహములో మొదటిదానిని మఱచినవారు, ఊరు చేరిన పిదప పరాయివాని టోలు తమ ఖాతానుండి పోవుట చూచి నివ్వెఱపోవుదురు.